తగ్గింది అన్న మాట

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్ళందరూ మా అమ్మ చుట్టూ చేరి, "టీచరుగారూ, ముఖంలో కళ వచ్చేసిందండి" అని మెచ్చుకున్నారు. అమ్మ మురిసిపోయింది. పక్కన నిలబడ్డ నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అమ్మ ముఖం అలా కళగా ఉండకూడదు. కళ్ళ కింద ఉబ్బు ఉండాలి. ఆ ఉబ్బు లేదంటే ఆవిడ మందు మానేసిందన్నమాట.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మాది రామచంద్రపురం. నేను ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. అమ్మ మిషన్ వారి ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరైంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గర ఉంటోందని ఊళ్ళో అంటారు గానీ, ఇల్లూ ఆవిడదే, మాటా ఆవిడదే. ఎలిమెంటరీ స్కూల్లో అన్ని పాఠాలూ చెప్పాలి కాబట్టి చెప్పింది గానీ ఆవిడ ప్రాణమంతా తెలుగు మీదే. రోడ్డు మీద ఫ్లెక్సీలో 'హార్ధిక శుభాకాంక్షలు' అని కనబడితే ఆటో ఆపించి, ఆ షాపులోకి వెళ్ళి, 'ద'కి ఒత్తు తీసేయమని చెప్పి వచ్చే మనిషి. క్లాసులో ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద తప్పు రాసిన పిల్ల తన పలక మీద దిద్దుకుంటే ఒప్పుకునేది కాదు. "తప్పు ఎక్కడ రాశావో అక్కడే దిద్దు. నీ తప్పు చూసినవాళ్ళందరూ నీ ఒప్పు కూడా చూడాలి" అనేది. నేనూ ఆవిడ క్లాసులో చదివినదాన్నే, బోర్డు దగ్గరికి నడిచినదాన్నే.

అమ్మకి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషనుకి ముందు మామూలుగా చేసే రక్తపరీక్ష చేశారు. తెల్లకణాలు లెక్కకి మించి ఉన్నాయని, కన్ను సంగతి తర్వాత చూద్దాం, ముందు రాజమండ్రి తీసుకెళ్ళమని అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, కొన్నాళ్ళుగా అమ్మ రెండు ముద్దలు తినగానే కడుపు నిండిందని లేచిపోతోంది. ఎడమ పక్క ప్లీహం పెరిగి పొట్టని నొక్కుతోందట. నేనేమో అరగట్లేదని వాము నీళ్ళు ఇస్తున్నాను.

రాజమండ్రిలో డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. ఎముక మజ్జ పరీక్ష కూడా చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఇది బ్లడ్ క్యాన్సరేనండి. కానీ దీనికి మంచి మందుంది. రోజూ ఒక మాత్ర, టిఫిన్ తిన్నాక, గ్లాసు నిండా నీళ్ళతో. ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు."

బయటికి వచ్చాక నేను ఏడుస్తుంటే అమ్మే నన్ను ఓదార్చింది. "క్యాన్సర్ అన్నాక 'కానీ' అన్నారు, విన్నావా? నేను ఇంతవరకు ఎవరి విషయంలోనూ ఆ మాట వినలేదు" అంది. మనిషికి జబ్బొచ్చినా వ్యాకరణం వదల్లేదు.

నా ఏడుపులో సగం సిగ్గు కూడా ఉంది. ఆ మాత్ర టైరోసిన్ కైనేజ్ ఇన్హిబిటర్ అనే రకం, అంటే కైనేజ్‌ని అడ్డుకునే మందు. కైనేజ్ అంటే ఏమిటో ఏటేటా పిల్లలకి చెప్పేదాన్ని. అది మా ఇంటి గుమ్మం ఎక్కుతుందని అనుకోలేదు.

కైనేజ్ ఒక రకం ప్రోటీన్. దాని పని మహా చిన్నది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీనుకి అంటిస్తుంది. అంటించగానే ఆ రెండోది మేలుకుని పనిలోకి దిగుతుంది. చాలాసార్లు అది కూడా ఇంకోదానికి అంటిస్తుంది. అలా కణం అంచుకి చేరిన కబురు లోపల జన్యువుల దాకా వెళుతుంది. పెరగాలా, రెండుగా విడిపోవాలా, ఊరుకోవాలా అన్నది కణానికి తెలిసేది ఇలాగే. ఇది చెబితే పిల్లలు దిక్కులు చూసేవారు. అప్పుడు నాకు పేరంటం పిలుపులు తట్టాయి. ఒకావిడ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరుతుంది. గుమ్మంలో నిలబడి బొట్టు పెట్టి, సాయంత్రం రమ్మంటుంది. బొట్టు పెట్టించుకున్నావిడ చీర మార్చుకుని, దారిలో ఇంకో ఇద్దరిని కలుపుకుని వెళుతుంది. భరిణె పట్టుకున్నావిడ కైనేజ్, కుంకుమ ఫాస్ఫేట్. పేరంటం అయ్యాక బొట్టు చెరిగిపోయినట్టే, ఫాస్ఫేటుని తుడిచేసే ప్రోటీన్లూ ఉంటాయి. ఇలా చెబితే వెనక బెంచీ పిల్లలక్కూడా ఎక్కేది.

బొట్టు పెట్టుకోని ఇంట్లో పుట్టి బొట్టు ఉదాహరణ చెబుతానని స్టాఫ్‌రూములో నన్ను ఆటపట్టిస్తారు. కానీ మా వీధి పేరంటాల పిలుపులన్నీ నేను గుమ్మంలో నిలబడి చూసినవే. పిలవడానికి వచ్చినావిడ మా మెట్టు ఎక్కగానే భరిణె మూత మూసేసి, "మీకు నోటిమాటే కదండి టీచరుగారూ, తప్పకుండా రండి" అనేది. అమ్మ వెళ్ళేది, కొంగు నిండా శనగలు తెచ్చేది. ఆ ఇత్తడి మూత టక్కున మూసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అమ్మ రక్తంలో ఆ మూత ఊడిపోయింది. మజ్జలో ఏదో ఒక్క కణంలో తొమ్మిదో క్రోమోజోమూ ఇరవై రెండో క్రోమోజోమూ ముక్కలు మార్చుకున్నాయి. ఆ అతుకు దగ్గర కొత్త కైనేజ్ ఒకటి పుట్టింది. దానికి ఆగడం తెలియదు. పిలవని పేరంటానికి వెళ్ళేవాళ్ళని చూసి నవ్వుతాం గానీ ఇది పేరంటమే లేని పిలుపు. ఆ పిలుపందుకుని తెల్లకణాలు కుప్పలుతెప్పలుగా పుట్టుకొచ్చాయి. మాత్ర ఏం చేస్తుందంటే, భరిణెలో కుంకుమ ఉండే గుంటలో, అంటే ఏటీపీ కూర్చోవలసిన చోట, తాను వెళ్ళి కూర్చుంటుంది. ఇక వేలికి కుంకుమ అంటదు. మాత్ర మానేస్తే గుంట ఖాళీ అవుతుంది, ఆవిడ మళ్ళీ బయల్దేరుతుంది.

అమ్మ మాత్రలు మొదలుపెట్టింది. మొదట్లో వికారం, పిక్కలు పట్టేయడం. పొద్దున్నే లేచేసరికి కళ్ళ కింద సంచుల్లా ఉబ్బు. అద్దంలో చూసుకుని, "ఎవరే ఈవిడ?" అనేది. ఇవన్నీ డాక్టరమ్మ ముందే చెప్పింది, భయపడవద్దంది. నెలలు గడిచాయి. కణాల లెక్క దిగుతూ వచ్చింది. అమ్మ పళ్ళెంలో అన్నం మిగలడం మానేసింది. కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆ తర్వాతి పరీక్షలో డాక్టరమ్మ కంప్యూటర్ వైపు చూసి, నవ్వి, "బాగా తగ్గిందండి" అంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో అమ్మ కడియంలో కారు ఆపించి, నర్సరీలో మల్లె అంటు ఒకటి కొంది. నాటాల్సిన చోటు గురించి ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. నాకూ సంతోషంగానే ఉంది. ఒక్క మాటని మేమిద్దరం రెండు రకాలుగా విన్నామని నాకు తట్టలేదు.

తర్వాతి ఆదివారం ప్రకటనలు అయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే అంటాం. అమ్మ లేచింది. కొంగు సర్దుకుని, బోర్డు ముందు నిలబడ్డట్టే నిటారుగా నిలబడి చెప్పింది. "ప్రభువు నన్ను ముట్టాడు. నాకు జబ్బు తగ్గిపోయింది." సంఘమంతా స్తోత్రం అంది. నేను కూడా అన్నాను.

మర్నాటి నుంచి మాత్ర ఆపేసింది. ఆవిడ టిఫిన్ చేసేవేళకి నేను కాలేజీలో ఉంటాను. అందుకే నాకు తెలియలేదు. కొన్ని వారాలకి ముఖంలో కళ వచ్చిందని ఆడవాళ్ళు మెచ్చుకున్న ఆదివారం దాకా తెలియలేదు.

ఇంటికి రాగానే అడిగాను. "అమ్మా, మాత్ర వేసుకుంటున్నావా?"

"తగ్గిపోయాక ఎందుకే?"

"తగ్గిపోయిందని ఎవరు చెప్పారు?"

"డాక్టరుగారే చెప్పారు కదా. నువ్వు పక్కనే ఉన్నావు."

నాది తాటాకు మంట. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు టేబుల్ మీద గట్టిగా కొట్టాను. మానేస్తే అది మళ్ళీ లేస్తుందని, ఈసారి లేచినప్పుడు రూపు మార్చుకుని ఈ మాత్రకి లొంగకపోతే నేనేం చేయాలని, నోటికొచ్చినంత అరిచాను. అమ్మ అంతా విని, "గ్లాసు సొట్టపోయింది చూడు" అంది.

తర్వాత తనే నెమ్మదిగా చెప్పింది. "సంఘం ముందు నిలబడి తగ్గిపోయిందన్నాను. అంతమంది స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చి చాటుగా మాత్ర మింగితే నేను చెప్పింది ఏమైనట్టు? ఈ వయసులో దేవుడి ముందు అబద్ధం ఆడినదాన్ని కానా?"

జువాలజీలో ఆ చాప్టర్ లేదు.

అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆ సాయంత్రమే వచ్చారు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "టీచరుగారూ, మందు కూడా దేవుడిచ్చిందేనండి. బీపీ మాత్ర వేసుకోకుండా నేను ప్రసంగానికి ఎక్కను" అన్నారు.

"మీరు బీపీ తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పలేదు కదండి అయ్యగారూ" అంది అమ్మ.

ఆయన కప్పు కింద పెట్టేశారు. గేటు దాకా సాగనంపడానికి వెళితే, "అమ్మగారు నాకు సండేస్కూల్లో టీచరండి. ఆవిడతో వాదించి అప్పుడూ గెలవలేదు" అని వెళ్ళిపోయారు. మా అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న సంగతి ఆయనకీ తెలుసు.

నేను లోపలికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను. కోపం అంతా దిగిపోయి భయం మిగిలింది. అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి ఊహకి వచ్చింది, భరించలేకపోయాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు నా వీపు నిమిరింది.

"మీ పిల్లలకి చెప్పేటట్టు నాకూ ఒకసారి చెప్పు. అరవకుండా" అంది.

చెప్పాను. భరిణె, బొట్టు, ఊడిపోయిన మూత, అన్నీ చెప్పాను. అమ్మ మధ్యలో ఆపింది. "మన ఇంటి జబ్బుకి బొట్టు పోలికేంటే?" అంది. ఇంకో పోలిక నా దగ్గర లేదన్నాను. సరే కానివ్వమంది.

"అయితే ఆ మాత్ర ఆవిడ్ని చంపేయదా?"

"చంపదమ్మా. భరిణెలో కుంకుమ ఉండే చోట తను కూర్చుంటుంది. ఏ రోజు మాత్ర ఆ రోజుకే."

"మర్నాడు?"

"మర్నాడు ఇంకో మాత్ర కూర్చోవాలి. ఖాళీ ఉంటే ఆవిడ లేస్తుంది."

"అంటే ఆవిడ ఇంకా నాలోనే ఉంది."

"ఉందమ్మా. చాలా ఏళ్ళు అదుపులో ఉన్నవాళ్ళలో కొందరికి డాక్టర్లే కనిపెట్టుకుని ఆపి చూస్తారట. నీకు ఆ రోజు రాలేదు."

"మరి ఆ డాక్టరమ్మాయి తగ్గింది అని ఎందుకంది?"

"తగ్గింది అంటే తక్కువైంది అని."

అమ్మ నన్ను పాత క్లాసు చూపు చూసింది. "నీకు జ్వరమొస్తే నేనేం అడుగుతాను? తగ్గిందా అని అడుగుతాను. తగ్గిందమ్మా అంటే ఏంటి అర్థం? సగం ఉందనా?"

నిజమే. మనకి బియ్యం తగ్గితే తక్కువైనట్టు, జ్వరం తగ్గితే పోయినట్టు. వాపు తగ్గిందంటే ఏదైనా కావచ్చు. ఇంతకాలం ఈ మాట వాడుతూ అందులో రెండు మాటలున్నాయని చూసుకోలేదు. డాక్టరమ్మ ఒకటి చెప్పింది, అమ్మ ఒకటి వింది, ఇద్దరూ అబద్ధం ఆడలేదు. అదే అన్నాను. "నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. ఆ మాటే అలాంటిది."

"అబద్ధం కాదు" అని తనలో తను అనుకున్నట్టు అంది. "తప్పు."

లేచి వెళ్ళి మల్లె మొక్కకి నీళ్ళు పోసింది. కుండీ పొంగిపోయేదాకా పోసింది.

మర్నాడు నేను సెలవు పెట్టాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే మొదలుపెట్టమని, పరీక్షకి తీసుకురమ్మని అంది. అమ్మ ఇడ్లీ తినడం, మాత్ర నోట్లో వేసుకోవడం, గ్లాసు నిండా నీళ్ళు తాగడం చూస్తూ ఎదురుగా కూర్చున్నాను. సొట్టపోయిన గ్లాసే. తాగి, నోరు తెరిచి చూపించింది, ఎగతాళికి.

ఆదివారం మళ్ళీ లేచి నిలబడింది. నాకు ముందు చెప్పలేదు.

"కిందటిసారి ఇక్కడే నిలబడి ఒక మాట తప్పు చెప్పాను. ఇక్కడే దిద్దుకుంటున్నాను. జబ్బు తగ్గిపోయింది అన్నాను. తక్కువైంది అనాలి. అది నాలోనే ఉంది. రోజూ ఒక మాత్ర దాన్ని లేవకుండా చేస్తోంది. ఆ మాత్ర కనిపెట్టే తెలివి మనుషులకిచ్చిన దేవుడికి కృతజ్ఞతలు. నేను ఇక మానను. నా మాట విని మీలో ఎవరైనా మందులు మానేసి ఉంటే ఇవాళే మొదలుపెట్టండి."

జబ్బు ఉందని చెప్పిన సాక్ష్యానికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు వేదిక మీంచి అయ్యగారు గట్టిగా స్తోత్రం అన్నారు. వెనకే అందరూ అందుకున్నారు. నేను మాత్రం అనడం మరిచిపోయాను. అమ్మని చూసి అంత గర్వపడ్డ రోజు నాకు ఇంకోటి లేదు.

ఆ సాయంత్రం స్త్రీల సమాజంలో ఒకావిడ మా ఇంటికి వచ్చింది. అమ్మ మొదటి సాక్ష్యం విన్నాక, విశ్వాసముంటే చాలనుకుని షుగరు మాత్రలు మానేసిందట. ఇన్సులిన్ కబురు అందుకునేది కూడా ఒక కైనేజేనండి అని నేను మొదలుపెట్టబోతే, అమ్మ కళ్ళతోనే నా నోరు మూయించి, "రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నేనూ వస్తాను" అంది.

రాజమండ్రి పరీక్షలో లెక్క కొంచెం పెరిగింది. మరీ చేయి దాటలేదు, మళ్ళీ మొదలుపెట్టారు కాబట్టి దిగుతుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. అమ్మ మాత్రం ఆవిడకి ఒక పాఠం చెప్పింది. "మీరు తగ్గింది అనకండి అమ్మా. 'అదుపులో ఉంది, మాత్ర ఆపితే లేస్తుంది' అనండి. ముసలివాళ్ళకి సగం మాట చెబితే పూర్తి చేసేసుకుంటాం." డాక్టరమ్మ నవ్వలేదు. ఆ వాక్యాన్ని తనూ ఒకసారి పైకి అనుకుని చూసుకుంది. ఆ తర్వాత మేం వెళ్ళినప్పుడు, మా ముందున్న పేషెంటుకి అక్షరం పొల్లుపోకుండా అదే చెబుతుంటే తలుపు బయట విన్నాం. అమ్మ నా మోచేతిని పొడిచింది. ఆ రోజుకి అమ్మ కణాల లెక్క కూడా మళ్ళీ దిగింది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే ఒక పని ఉంది. అమ్మ లేచి అద్దం ముందు నిలబడి, "ఇలా రావే, ఉబ్బిందా చూడు" అంటుంది. ఉబ్బిందమ్మా అంటాను. హమ్మయ్య అనుకుని పళ్ళు తోముకోవడానికి వెళుతుంది. ముఖం వాచిందని సంతోషించే ఇల్లు ఈ ఊళ్ళో మాదొక్కటే అయి ఉంటుంది. మల్లె కూడా మొగ్గ తొడిగింది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒకావిడ అమ్మ చేయి పట్టుకుని జాలిగా అడిగింది. "ఏంటండి టీచరుగారూ, ముఖం అలా వాచిపోయింది?"

అమ్మ నవ్వింది.

"వాచిందండి. దేవుడి దయ."